చవితి చంద్రుడి వాచ్‌మెన్

నేను తీసిన మొదటి చంద్రుణ్ణి కెమెరా తెర మీద చూసి మా ఇంటి ఓనరమ్మ, "ఇదేంది బిడ్డా, ఇడ్లీనా?" అని అడిగింది.

ఆమెను తప్పుపట్టలేను. నల్లటి పళ్లెంలో తెల్లగా, ఉబ్బి, ఒక్క మచ్చ కూడా లేకుండా ఉన్న ఆ వస్తువును ఇంకెవరైనా అలాగే అనుకుంటారు. చంద్రుణ్ణి ఫోటో తీయడంలో ఉన్న తిరకాసు నాకు అప్పటికి తెలియదు. రాత్రి కాబట్టి కెమెరా కన్నును ఎక్కువసేపు తెరిచి ఉంచాలనుకున్నాను. కానీ రాత్రి ఉన్నది మనకు. ఆయన మీద మిట్టమధ్యాహ్నపు ఎండ కాస్తూ ఉంటుంది. ఎండలో నిలబడ్డ మనిషిని తీసినట్టే టక్కున తెరిచి టక్కున మూయాలి. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే అది చుట్టూ ఉన్న చీకటిని చూసి కంగారుపడి, దొరికిన వెలుగునంతా లోపలికి లాగేసుకుని, చంద్రుణ్ణి ఆవిరి మీద ఉడికించి పెడుతుంది.

ఈ సంగతి తెలియడానికి నాకు రెండు పున్నములు ఖర్చయ్యాయి. ఆ తర్వాత ఇంకొన్ని తెలిశాయి. పొడుగు లెన్సును చేత్తో పట్టుకుంటే చంద్రుడికి చలిజ్వరం వస్తుంది కాబట్టి స్టాండు కావాలి. స్టాండు మీద పెట్టినా మీట నొక్కిన అదురు ఫోటోలోకి వచ్చేస్తుంది కాబట్టి టైమర్ పెట్టి, దొంగతనం చేయనివాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. పున్నమి చంద్రుడి మీద ఎండ ఎదురుగా పడుతుంది, మొహం చదునుగా వస్తుంది. నాలుగు రోజులు తరిగాక తీస్తే ఎండ పక్కనుంచి పడి, అంచు దగ్గర గుంటలూ గట్లూ నీడలు పరుచుకుని కనబడతాయి. ఆ అంచు కోసమే నేను పిచ్చివాణ్ణయ్యాను.

కెమెరాను సంగారెడ్డిలో పెళ్లిళ్ల ఫోటోలు తీసే ఒకాయన దగ్గర పాతది కొన్నాను. ఆయన కొత్తది తీసుకున్నాడు, దీన్ని వదిలించుకోవాలని చూస్తున్నాడు. లెన్సు చేతికిచ్చి, "అన్నా, దీనితోని వెనుక వరుసల కూసున్న ముసలామె ముక్కుపుడక గుడ తీయొచ్చు" అన్నాడు.

లోపల దీపం వేసి చూస్తే గాజు మీద సన్నటి చుక్కలు కనబడ్డాయి. "ఇవేంది?"

"జెర బూజు వట్టింది. ఫోటోల కనవడదు. నేను గిన్ని పెండ్లిలు తీసిన, ఒక్క పెండ్లికొడుకన్న అడిగిండా?"

పెళ్లికొడుకులు అడగని విషయాన్ని నేనెందుకు అడగాలని ఊరుకున్నాను.

ఇంతకీ నాకు కెమెరా పట్టుకునే తీరిక ఎక్కడిది అన్నది చెప్పాలి. అసలు కథ అక్కడుంది.

ఇస్నాపూర్‌లో మేముండేది కిరాయి ఇల్లు, మూడంతస్తుల బిల్డింగులో మధ్య అంతస్తు. నేను మాత్రలు తయారుచేసే ఒక కంపెనీలో ప్యాకింగ్ చూస్తాను. చాలా ఏళ్లు షిఫ్టుల్లో తిరిగాను. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. మా ఇంట్లో వారాలకు పేర్లు లేవు, షిఫ్టులే ఉండేవి. ఒకసారి రాత్రి షిఫ్టు ముగించుకుని తెల్లవారి బండి మీద వస్తూ, ముత్తంగి దాటాక సర్వీసు రోడ్డు మీద నిద్రపోయాను. పక్కన ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసుకున్న ఇసుక కుప్ప లేకపోతే ఇది రాసేవాణ్ణి కాను. మెడ కింద ఎముక విరిగింది. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. గణపతిని అడిగింది. ఈయనకు రాత్రి షిఫ్టు తప్పించు, ఇరవై ఒక్క సంకష్టులు చేస్తానని మొక్కింది.

ఎముక అతుక్కుని డ్యూటీకి వెళ్లేసరికి నన్ను జనరల్ షిఫ్టులో వేశారు. పొద్దున వెళ్లి సాయంత్రం రావడమే. గణపతి వేయించాడో, కొత్తగా వచ్చిన మేనేజర్ వేశాడో నాకు తెలియదు. మా ఆవిడకు మాత్రం ఏ సందేహమూ లేదు. ఆ నెల నుంచే ఉపవాసాలు మొదలుపెట్టింది.

అలా నాకు సాయంత్రాలు దొరికాయి. ఎవరు అడిగితే దొరికాయో, ఎందుకు అడిగారో ఒక్క క్షణం ఆలోచించి ఉండాల్సింది. నేను కెమెరా కొన్నాను.

సంకష్టి ఉపవాసం పద్ధతి మా దగ్గర అందరికీ తెలిసిందే. పున్నమి పోయాక వచ్చే చవితి నాడు పొద్దుటి నుంచి అన్నం ముట్టరు. చాయ్ తాగుతారు, మరీ కండ్లు తిరిగితే అరటిపండు. సాయంత్రం గరికతో గణపతికి పూజ. చీకటి పడ్డాక చంద్రుడు రావాలి, ఆయన్ను కళ్లారా చూసి, నీళ్లు వదిలి అర్ఘ్యమివ్వాలి. అప్పుడే ముద్ద.

మా తూర్పున పొలాలుండే రోజుల్లో ఈ పని తేలికే అయ్యుండాలి. ఇప్పుడు మా మేడ మీద నిలబడి తూర్పుకు చూస్తే రోడ్డు, గోదాములు, వాటి వెనుక కంపెనీల షెడ్లు, చిమ్నీలు, వాటి మెడ చుట్టూ దీపాలు, ఆ దీపాల చుట్టూ పొగ. ఫోనులో చంద్రోదయం ఎప్పుడో చూపిస్తుంది. అది ఆకాశం సంగతి. మా చంద్రుడు చిమ్నీల దయ చూసుకుని, తీరిగ్గా వస్తాడు. కింద ఓనరమ్మ కూడా మోకాళ్ల నొప్పులకని సంకష్టి పట్టేది. ఆకలి మీద మెట్లెక్కి, ఇంకా రాలేదని దిగి, మళ్లీ ఎక్కి, ఆ మోకాళ్లకు నష్టమే గానీ లాభం కనబడేది కాదు.

అక్కడ నా లెన్సుకు ఉద్యోగం దొరికింది. పొగ వెనుక ఎర్రగా మసకగా ఉన్నవాణ్ణి మామూలు కంటి కంటే ముందే అది పట్టేది. నేను మేడ మీద నుంచి కేకేస్తే ఆడవాళ్లు చెంబులతో పైకొచ్చేవాళ్లు. రెండు నెలలు గడిచేసరికి కింద నుంచి పిలుపు మొదలైంది.

"వాచ్‌మెన్! వచ్చిండా?"

"ఇంక లేడు పెద్దమ్మా!"

"రమ్మని చెప్పు. నా పానం వోతున్నది."

నాకది ఎంత బాగుండేదో చెప్పలేను. కంపెనీలో నా మాట మీద ఒక డబ్బా కూడా కదలదు. ఇక్కడ నేను ఊఁ అంటే గాని ఎవరూ అన్నం తినరు. మనిషికి తలకెక్కడానికి ఇంతకంటే ఏం కావాలి? స్టాండు పక్కన నడుం మీద చెయ్యి వేసి నిలబడటం అలవాటైంది. పై అంతస్తులో ఉండే టీచరమ్మ, రిటైరైనావిడ, ఆదివారం చర్చి తప్పనిది, సంకష్టితో పనిలేకపోయినా గాలికి మేడ మీదికి వచ్చేది. ఆవిడ నన్ను కాసేపు చూసి, "మా చర్చిల గంట కొట్టెటాయన గుడ గింత ఫోజు కొట్టడు తమ్ముడూ" అంది.

ఫోజుతో ఆగితే బాగుండేది. చంద్రుడు వచ్చాక కూడా నేను వెంటనే కేకేసేవాణ్ణి కాను. మొదట నా ఫోటో. నలుగురు పైకొస్తే మేడ అదురుతుంది, స్టాండు కదులుతుంది. నాలుగు తీసుకుని, తెర మీద పెద్దది చేసి అంచు చూసుకుని, అప్పుడు పిలిచేవాణ్ణి. మా ఆవిడ ముందే పైకొచ్చి ఉంటే, చెంబు పట్టుకుని నా పక్కన నిలబడేది.

"అయ్యిందా?"

"కదలకు. ఒక్క నిమిషం."

"నువ్వు ఫోటో తీస్తున్నవా, పెండ్లిచూపులు చూస్తున్నవా?"

నేను నవ్వేవాణ్ణి. పొద్దుటి నుంచి అన్నం లేని మనిషి హాస్యమాడుతోందంటే ఆమెకు ఆకలి లేదని కాదు, నా మీద దయ ఉందని అర్థం. ఇది ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నేను అంచు చూసుకుంటున్నాను.

మొక్కులో చివరి సంకష్టి వినాయక నిమజ్జనాలు అయిపోయిన రోజుల్లో వచ్చింది. మరునాడు ఆదివారం, మొక్కు తీరినందుకు ఓనరమ్మనూ టీచరమ్మనూ భోజనానికి పిలిచింది మా ఆవిడ. నాతో మాత్రం మూడుసార్లు ఒకే మాట అంది: "ఇయ్యాల మంచిగ చూడు. ఇదొక్కటి సక్కగ అయితే నీ షిఫ్టుకు ఇగ ఢోకా లేదు." ఆమెకు ఆ భయం ఉండేది. కంపెనీలో మళ్లీ షిఫ్టులు మారుస్తారని ఎవరో ఒకరు ఎప్పుడూ అంటూనే ఉంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఇసుక కుప్ప గుర్తొచ్చేది. ప్రతిసారీ రోడ్డు పక్కన ఇసుక ఉండదు కదా.

ఆ సాయంత్రం ఆకాశం నిండా మబ్బు. నేను తూర్పున పొడుగాటి చిమ్నీకి కుడివైపు గురిపెట్టి కూర్చున్నాను. కిందటి నెల చంద్రుడు అక్కడే లేచాడు. నెలనెలా ఆయన లేచే చోటు పక్కకు జరుగుతుందని నాకు తెలియదు. అంత పెద్ద లెన్సు కొన్నవాడికి ఆ మాత్రం తెలియదా అంటే, తెలియదు. నేను తెలుసుకోవలసినవన్నీ లెన్సు ముందు వైపు ఉండగా, నేను వెనుక వైపే చూస్తూ ఉన్నాను.

కనబడే వేళ దాటింది. కింద నుంచి ఓనరమ్మ గొంతు మెల్లగా సన్నబడుతోంది. అప్పుడు నా తెర మీద, ఒక మూలన, గుండ్రంగా, నారింజ రంగులో, పైన కొంచెం కోసినట్టుగా ఒకటి కనిపించింది. చవితి చంద్రుడు ఎంత తరిగి ఉండాలో అంతే తరిగి ఉంది. దాని మీద నల్లటి మచ్చలు కూడా ఉన్నాయి. నాకు కుందేలు కూడా కనిపించింది. తెర మీద నుంచి తల ఎత్తి చూస్తే ఆ వైపున పొగలో ఎర్రటి వెలుగు ఉంది. ఇంకేం కావాలి?

"వచ్చిండు!" అని కేకేశాను.

అందరూ ఎక్కారు. ఓనరమ్మ కళ్లు చికిలించి, "ఏడ? నాకు కంపెనీ లైట్లే కనవడుతున్నయి" అంది.

"మబ్బు ఉంది పెద్దమ్మా, కండ్లకు అట్లనే కనబడుతది. ఇగో, దీంట్ల చూడు."

తెర చూపించాను. ఆమె చూసింది. మా ఆవిడ చూసింది. చూసి, ఆ వెలుగు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "పక్కానా?" అంది.

"గింత పెద్ద లెన్సు అబద్ధం చెప్తదా?"

ఆమె కళ్లు మూసుకుని, రెండు చేతులతో చెంబు ఎత్తి, ఆ వెలుగుకు నీళ్లు వదిలింది. ఇన్ని నెలల ఉపవాసాల చివర ఆమె మొహంలో ఒక బరువు దిగడం నేను చూశాను. ఓనరమ్మ కూడా వదిలింది. ఇద్దరూ దిగిపోయారు.

నేను దిగలేదు. ఇంకొంచెం బాగా రావాలని స్టాండు దగ్గరికి వెళ్లి ఫోకస్ తిప్పాను. తిప్పితే చంద్రుడు చిన్నవాడయ్యాడు. ఇంకా తిప్పితే ఇంకా చిన్నవాడయ్యాడు. చివరకు ఒక చుక్కయి, ఆ చుక్క కింద ఒక ఇనుప స్తంభం, స్తంభానికి నిచ్చెన, నిచ్చెన పక్కన కంపెనీ బోర్డు వచ్చాయి.

తర్వాత ఆలోచిస్తే అంతా తెలిసింది. జనం ఎక్కుతూ దిగుతూ ఉన్నప్పుడో, నేను స్టాండు జరిపినప్పుడో ఫోకస్ జారిపోయింది. ఫోకస్ జారితే పొడుగు లెన్సు చిన్న దీపాన్ని పెద్ద బిళ్లలా చేస్తుంది. ఆ బిళ్ల తెర మూలకు వస్తే ఒక పక్క కోసినట్టు ఉంటుంది. ఇక ఆ మచ్చలు, ఆ కుందేలు, పెళ్లికొడుకులెవరూ అడగని బూజు.

దిగి చెప్పాలి. సరిగ్గా అప్పుడే ఎడమవైపు మబ్బు చీలింది. చీలిన చోట, నేను ఎప్పుడూ గురిపెట్టని చోట, చంద్రుడు ఉన్నాడు. మబ్బు అంచులు వెండి దారంలా వెలిగాయి. ఆ తరిగిన పక్కన గుంటలు కంటితోనే కనబడతాయేమో అన్నంత తేటగా ఉన్నాయి.

ఇక్కడ నేను ఏం చేశానో ఉన్నది ఉన్నట్టు రాయాలి. మెట్ల దగ్గరికి రెండడుగులు వేశాను. మా ఇంటి తలుపు తెరిచే ఉంది, కింద గిన్నె మూత తీసిన చప్పుడు వినిపించింది. ఆమె పళ్లెం పెట్టుకుంటోంది. ఇంకా ముద్ద ఎత్తలేదు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. దిగాల్సిన పని కూడా లేదు. నేను వెనక్కి తిరిగి మబ్బు మళ్లీ మూసుకోబోవడం చూశాను. ఒకటి తీసి చెబుదాం అనుకున్నాను. ఒకటి తీశాను. కొంచెం వెలుగు ఎక్కువైంది. తగ్గించి ఇంకొకటి తీశాను. ఫోకస్ అనుమానమొచ్చింది, ఇంకొన్ని. మబ్బు మూసుకున్నాకే కెమెరా తీసుకుని మెట్లు దిగాను.

ఆమె సగం పళ్లెం తినేసింది.

"అది చంద్రుడు కాదు" అన్నాను. "కంపెనీ లైటు. అసలాయన ఇప్పుడొచ్చి పోయిండు."

ఆమె చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. కోపం రాలేదు. చిన్నపిల్లలు ఆడుతూ ఆడుతూ పడిపోయినప్పుడు ఏడవాలా వద్దా అని ఒక క్షణం చూస్తారే, అలా చూసింది. ఓనరమ్మకు కబురు చేరవేయడానికి నేను కిందికి పోతే ఆమె మొదట నోరు తెరిచింది, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మోకాళ్లు పట్టుకుని నవ్వింది.

"ఏ కంపెనీ బిడ్డా? ఆ పొడుగు పొగగొట్టం ఉన్నదా? అయితే మంచిదే. గా జాగల మాకు జొన్న చేను ఉండె. నేను మా చేనుకే నీళ్లు వోసిన అనుకుంట."

అంతలో వాన మొదలైంది. ఇంకెవరూ పైకి వెళ్లలేదు.

మరునాడు పిలిచిన భోజనం ఆగలేదు. మొక్కు తీరకపోయినా వంకాయ కూర అయిపోయింది కాబట్టి తినాల్సిందే అని ఓనరమ్మ తీర్మానించింది. టీచరమ్మకు సంగతి తెలిసి, భోజనం పొడుగునా నన్ను వదల్లేదు. "తమ్ముడూ, మా ఇంట్ల ట్యూబులైటు ఉన్నది, వచ్చి మొక్కిపో." "తమ్ముడూ, కంపెనీ జీతమిస్తున్నది, పొగ ఇస్తున్నది, ఇగ దేవుడు గుడ అదే అయితే మా పాస్టరుకు చెప్పాలె." మా ఆవిడ కూడా నవ్వింది. నవ్వుతూనే వడ్డించింది. అప్పటికి ఆమెకు తెలిసింది నా తెలివితక్కువతనం మాత్రమే. దాన్ని ఆమె పెళ్లైన కొత్తలోనే మాఫీ చేసింది.

"అసలాయన్ని చూపియ్యి మరి" అంది ఓనరమ్మ.

నేను కెమెరా తెచ్చాను. నాకు బుద్ధి ఉంటే తెచ్చేవాణ్ణి కాదు. కానీ ఆ ఫోటోలు చాలా బాగా వచ్చాయి. అంత బాగా అంతకు ముందు నాకెప్పుడూ రాలేదు. మీట నొక్కుతూ చూపించాను. కంపెనీ లైటు. నవ్వులు. మళ్లీ కంపెనీ లైటు. తర్వాత మబ్బు చీలిక, చంద్రుడు. చంద్రుడు. చంద్రుడు. చంద్రుడు.

ఓనరమ్మ మెచ్చుకుంటూనే అంది: "ఎన్ని తీసినవ్ కొడుకా! నువ్వు దిగి చెప్పినంక వాన వచ్చె, మల్ల పైకి పోలె గద. ఎప్పుడు తీసినవ్ గివన్ని?"

ఆమె మనసులో ఏమీ లేదు. నేను తెర ఆర్పేశాను. మా ఆవిడ పప్పు గరిటె పట్టుకుని నా వెనుకే నిలబడి ఉంది. టీచరమ్మ ఎందరి పిల్లల మొహాలు చదివిందో, చప్పున, "పెరుగుందా చెల్లే?" అని మాట మార్చింది.

వాళ్లు వెళ్లిపోయాక మా ఆవిడ గిన్నెలు సర్దింది. అన్నీ సర్దాక వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నేను ముద్ద నోట్ల వెట్టుకునేటప్పుడు నువ్వు పైన ఏం తిప్పుతున్నవ్?"

"ఫోకస్."

"నేను తింటలేనని అనుకున్నవా?"

అవునంటే సరిపోయేది. గిన్నె మూత చప్పుడు నా చెవిలో ఇంకా ఉంది. "గిన్నె చప్పుడు విన్న" అన్నాను.

ఆమె, "ఏదీ, మల్ల చూపియ్యి" అని కెమెరా తీసుకుంది. మబ్బు అంచున ఉన్న చంద్రుణ్ణి పెద్దది చేసి, చిన్నది చేసి చూసింది.

"ఫోటో మంచిగుంది" అంది. "అదే కోపం. బాగలేకుంటే గింత కోపం రాకపోతుండె."

ఆ ఫోటోను తుడిచేశానని రాస్తే నా గురించి మంచిగా అనుకుంటారు. తుడిచేయలేదు. తుడిచేద్దామని రెండుసార్లు తెరిచాను, రెండుసార్లూ బాగుందే అనుకుని మూసేశాను. నేను అలాంటివాణ్ణి. కానీ ఇంకెవరికీ చూపించలేదు.

రెండు రోజులయ్యాక ఆమె మరో సంకష్టి చేస్తానంది. లెక్క తప్పింది కాబట్టి వచ్చే నెలదే చివరిది. నేనూ ఉంటానన్నాను.

"ఏం ఉంటవ్?"

"ఉపవాసం."

ఆమెకు నిజంగా నవ్వొచ్చింది. రెండు రోజులుగా రాని నవ్వు. "నువ్వా? పదకొండింటికి సమోస వడకుంటే కండ్లు తిరుగుతయ్ నీకు. మల్ల బండి మీద వడ్తవ్. మల్ల నేనింకో మొక్కు మొక్కాలె."

బస్సులో వెళ్తానని చెప్పి ఒప్పించాను.

ఉపవాసం గురించి అంతవరకు నాకున్న జ్ఞానం చూసేవాడి జ్ఞానం. అది చాలా తేలిక. ఆ రోజు కంపెనీ క్యాంటీన్‌లో ఏం వండారో మధ్యాహ్నానికి ముందే నా ముక్కు చెప్పింది. సాంబారు మామూలుగా అక్కడ ఎవరూ మెచ్చుకోనిది, ఆ రోజు షెడ్డు దాటి వచ్చి నన్ను పేరు పెట్టి పిలిచింది. సాయంత్రం ఇల్లు చేరేసరికి నాకు మాటల మీద కోపం, చప్పుళ్ల మీద కోపం, గోడ మీద బల్లి తీరిగ్గా పురుగు తింటుంటే దాని మీద కోపం. మా ఆవిడ ఏమీ తెలియనట్టు కొబ్బరి తురమమని చేతికిచ్చింది.

"దీన్ల ఒక్క పలుకు…"

"నోరు ముయ్యి. తురుము."

తురుముతూ ఆలోచించాను. ఇలాంటి ఒక సాయంత్రపు చివర, ఇదే ఆకలితో, ఈమె చెంబు పట్టుకుని నా పక్కన నిలబడేది. నేను కదలకు అనేవాణ్ణి. ఎన్ని నెలలు! ఒక్కసారైనా చెంబు నా తలకేసి కొట్టి ఉంటే గణపతి కూడా ఏమీ అనుకునేవాడు కాడు.

మేడ ఎక్కాం. కెమెరా ఇంట్లోనే ఉంచాను. ఓనరమ్మ అప్పటికే వచ్చి గోడకానుకుని ఉంది. పొగలో ఒక వెలుగు చూసి నా ప్రాణం ఎగిరింది.

"వచ్చినట్టున్నడు" అన్నాను.

"నీ మాట ఎవడు వింటడు కొడుకా" అంది ఓనరమ్మ.

"నేను చెప్త" అంది టీచరమ్మ. "నేను మంచిగ తిని వచ్చిన. నాకు ఆశ లేదు, ఆత్రం లేదు. ఇయ్యాల నా కండ్లే నమ్మాలె."

అందరూ ఒప్పుకున్నారు. కడుపు నిండా తిన్న క్రైస్తవురాలి తీర్పు కోసం ముగ్గురు ఉపవాసులం నిలబడ్డాం. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని హాజరు పిలుస్తున్నట్టు ఎడమ నుంచి మొదలుపెట్టింది. "ఇది గోదాము లైటు. ఇది టవర్ లైటు. అది మీ దేవుడు, పొగగొట్టం స్వామి. దాని పక్కది గుడ లైటే. ఆగుండ్రి, తొందరేంది?"

నా కడుపు ఆవిడకు వినబడేలా సమాధానం చెప్పింది.

చంద్రుడు లేచినప్పుడు అందరికంటే ముందు మా ఆవిడే చూసింది. నా మోచెయ్యి పట్టుకుని అటు తిప్పింది. షెడ్ల వెనుక నుంచి ఎర్రగా, కొంచెం నొక్కిన ముద్దలా వస్తున్నాడు. ఎంత చిన్నగా ఉన్నాడో! ఏడాదికి పైగా ఆయన్ను నేను తెర నిండా చూస్తున్నాను. చిటికెన వేలి గోటితో మూసేయవచ్చని మర్చిపోయాను. ఆమె తొందరపడలేదు. ఆయన పొగ దాటి, దీపాలు దాటి, ఇంకెవరూ ఇంకొకటి అనుకునే వీల్లేనంత పైకి వచ్చేదాకా ఆగింది. టీచరమ్మ, "ఈయనే" అంది. అప్పుడు నీళ్లు వదిలింది.

కింద, ఆమె ముద్ద తిన్నాక నేను తిన్నాను. అన్నంలో ఉప్పు వేసిన సంగతి కూడా అంత గట్టిగా తెలుస్తుందని నాకప్పుడే తెలిసింది. నాకు షిఫ్టు మారుతుందో లేదో ఇప్పటికీ తెలియదు. ఆమెకు మాత్రం ఆ రాత్రి మంచి నిద్ర పట్టింది.

మరుసటి నెల చవితికి మా ఇంట్లో ఉపవాసం లేదు. సాయంత్రమే అన్నాలు తినేశాం. నేను చేతులు తుడుచుకుని వచ్చేసరికి ఆమె రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, మెట్ల వైపు నడుస్తోంది.

"ఎక్కడికి? మొక్కు అయిపోయింది గద."

"ఉత్తగనే" అంది. "కెమెరా తెచ్చుకో. లేకుంటే చేతులు ఏడ వెట్టుకోవాల్నో నీకు తెల్వది."

తెచ్చి స్టాండు మీద పెట్టాను. ఆయన వచ్చాడు. నేను వంగబోతుంటే ఆమె నన్ను జరిపి తనే కన్ను ఆనించింది. లెన్సు తిప్పి వెతికి, దొరికించుకుని, "ఓ" అంది. కొంచెం సేపటికి, "ఉరుకుతున్నడేంది? పక్కకు పోతున్నడు" అంది.

"ఆయన కాదు. మనం తిరుగుతున్నం."

"మరి ఆపు."

నేను ఆపలేనని ఆమెకు తెలుసు. స్టాండు పిడి ఆమె చేతికిచ్చాను. ఆయన జారిపోతుంటే పట్టుకుంటూ, మళ్లీ జారిపోతే మళ్లీ పట్టుకుంటూ ఆమె అలాగే నిలబడిపోయింది. చాయ్ చల్లారింది. ఆమె ఫోకస్ రింగు మీద వేలు వేసి కొంచెం అటు తిప్పింది, కొంచెం ఇటు. ఎక్కువ తిప్పిందేమోనని నాకు అనుమానం వచ్చింది. నా చెయ్యి లేచింది. వెనక్కి కట్టుకున్నాను.

"ఆగు" అంది ఆమె కన్ను తీయకుండానే, నేను ఏమీ అనకపోయినా. "జల్ది చేయకు."